ఆగమంటే ఆగని హార్డ్ డిస్కు

నా గొంతు బాగుంటుంది. ఈ మాట నా అంతట నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. సత్తెనపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా చరిత్ర చెబుతున్నాను. పిల్లలకు చరిత్ర ఎంత ఒంటబట్టిందో తెలియదు. నేను యుద్ధాలు చెబుతున్నప్పుడు పక్క గదిలో లెక్కలు ముందుకు సాగడం లేదని ఆ లెక్కల మాస్టారు ఒకసారి ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు చేశారు. దాన్ని నేను ప్రశంసగానే దాచుకున్నాను. వార్షికోత్సవాల్లో మైకు నాదే. మా చుట్టాల పెళ్లిళ్లలో చదివింపులు చదవడానికి కూడా నన్నే కూర్చోబెడతారు. నూట పదహార్లు చదివించిన వాళ్లను సైతం జమీందార్లను పిలిచినట్టు పిలుస్తానని నాకు పేరుంది.

అలాంటి గొంతుకు తగిన పని రెండేళ్ల కిందట దొరికింది. మా అక్కను ఇచ్చింది సత్తెనపల్లికి పద్నాలుగు కిలోమీటర్లున్న ఒక పల్లెకి. బావ ఆరెకరాల్లో పత్తి, మిరప వేస్తాడు. వాళ్లకు ఒక్కతే కూతురు. పుట్టుకతోనే చూపు లేదు. హాస్టళ్లలో ఉండి బ్రెయిలీలో చదువుకుని, డిగ్రీ చేసి, బీఈడీ కూడా పూర్తి చేసుకుని ఇంటికొచ్చింది. టీచరు పోస్టులకు పరీక్ష పెడుతున్నారని తెలిసినప్పటి నుంచి ఆ ఇంట్లో ఇంకో మాట లేదు. ఆ ఉద్యోగం వస్తే తన కాళ్ల మీద తను నిలబడుతుంది. రాకపోతే మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పగలిగేవాళ్లు లేరు. అప్పటిదాకా అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే ఆడవాళ్లు "పాపం, ఆ పిల్ల" అంటుంటే వినాలి. ఆ 'పాపం' వింటే మా మేనకోడలికి ఒళ్లు మండుతుంది.

చిక్కల్లా పుస్తకం దగ్గర వచ్చింది. పరీక్షలో పిల్లల మనస్తత్వం మీద, పాఠం చెప్పే పద్ధతుల మీద చాలా ప్రశ్నలు వస్తాయి. వాటికోసం అందరూ చదివే లావుపాటి తెలుగు పుస్తకం ఒకటుంది. మొత్తం పద్నాలుగు పాఠాలు. అది బ్రెయిలీలో లేదు. తన ఫోన్లో చదివి వినిపించే యాప్ ఇంగ్లీషును బాగానే చదువుతుంది గానీ, తెలుగు పేజీని ఫొటో తీసి ఇస్తే ఒత్తులన్నీ మింగేసి సగం మాటలు సొంతంగా కల్పిస్తోంది. నన్ను చదివి రికార్డు చేసి పంపమని ఫోన్లో అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే ఇలాంటిది ఎవరైనా అడుగుతారేమోనని ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను.

మొదటి పాఠం జూలైలో ఒక ఆదివారం పొద్దున చదివాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన మైకును ల్యాప్‌టాప్‌కి తగిలించి, వేడినీళ్లు తాగి, కిటికీలు మూసి, నలభై నిమిషాలు చదివాను. శిశువు అన్నచోట మెత్తగా, క్రమశిక్షణ అన్నచోట గట్టిగా పలికాను. ఆగాల్సిన చోటల్లా ఆగాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి చివరిదాకా విన్నది. కిటికీలు ఎప్పుడు తెరుస్తానో అడగడానికి వచ్చిందని తర్వాత తెలిసింది.

పాఠం పంపించాను. సాయంత్రం దాకా కబురు లేదు. ఉండబట్టలేక నేనే ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను. బాగుందంది. నిజంగా ఎలా ఉందని అడిగాను. చాలా బాగుందంది. మూడోసారి కూడా అడిగేసరికి ఏదో ఒకటి చెప్పకపోతే ఈయన ఫోన్ పెట్టడని అర్థమైనట్టుంది.

"వెనకాల తిరగలి తిప్పుతున్నట్టు సన్నగా మోత వస్తోంది మావయ్యా. ఏం పర్లేదులే, మిగతావి కూడా పంపు" అంది.

ఆ మాటల్లో మొదటి సగమే నా చెవిన పడింది. నా గొంతు వెనకాల తిరగలి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మోత ల్యాప్‌టాప్‌లోంచి వస్తోంది. నాది ఎనిమిదేళ్ల కిందటిది. ఇప్పుడొచ్చే వాటిల్లో తిరిగేదేమీ ఉండదట. నాదాని పొట్టలో మాత్రం హార్డ్ డిస్కు అనే పళ్లెం నిమిషానికి వేలసార్లు తిరుగుతూ ఉంటుంది. ఎనిమిదేళ్లలో ఆ మోతను నేను ఒక్కసారి కూడా వినలేదు. మేనకోడలు చెప్పాక అది తప్ప ఇంకేమీ వినపడలేదు. అన్నం తింటున్నా, క్లాసులో పాఠం చెబుతున్నా, చెవిలో అదే గిర్రుమనే శబ్దం.

ఫోన్లో రికార్డు చేయొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మా ఆవిడకూ అనిపించింది. చేసి చూశాను. పేజీ తిప్పేలోపు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, రికార్డింగు అక్కడ తెగిపోతుంది. ఫోను కాసేపు కట్టేద్దామంటే, మా చుట్టాల్లో నా ఫోను అరగంట పలకకపోతే గుంటూరులో ఏ ఆసుపత్రిలో చేర్చారని మా ఆవిడను అడుగుతారు. పైగా ఆ మైకు ఫోనుకు తగలదు. అంత మంచి మైకు కొన్నాక ఫోన్లో చదవడానికి నాకు మనసొప్పలేదు. ఈ చివరి కారణమే అసలుదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వాడనప్పుడు డిస్కు తనంతట తను ఆగిపోయే ఏర్పాటు ల్యాప్‌టాప్‌లోనే ఉందని కాలేజీలో కంప్యూటర్లు చెప్పే మాస్టారు చెప్పారు. పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, ఎన్ని నిమిషాలు ఖాళీగా ఉంటే ఆగాలో అంకె వేస్తే చాలన్నారు. అంత సులువా అనుకున్నాను. అక్కడ ఇరవై అని ఉంది. ఇరవై నిమిషాలు ఎవరు ఆగుతారని సున్నా వేశాను. వెంటనే ఆగిపోవాలని నా ఉద్దేశం. సున్నా పక్కన 'నెవర్' అని వచ్చింది. సున్నా నిమిషాలంటే ఎప్పటికీ ఆగవద్దని దాని లెక్కట. వారం రోజులు అలాగే ఉంచి, ఎందుకు ఆగడం లేదా అని కూర్చున్నాను.

తర్వాత ఒకటి వేశాను. అయినా ఆగలేదు. ఇక్కడ నా తెలివి గురించి కొంత చెప్పాలి. మా వీధిలో కరెంటుంటే నిశ్శబ్దం ఉండదు. ఫ్యాన్లు, మిక్సీలు, ఎదురింటి టీవీ, పక్కింటి నీళ్ల మోటారు. అందుకని నేను కరెంటు పోయినప్పుడే రికార్డు చేసేవాణ్ణి. సత్తెనపల్లిలో కరెంటు పోవాలని కోరుకున్న మనిషిని నేనొక్కణ్ణే అయి ఉంటాను. పోగానే ఊరంతా ఉసూరుమంటే నేను పరుగెత్తి వెళ్లి మైకు ముందు కూర్చునేవాణ్ణి. అయితే ఆ పవర్ ఆప్షన్స్‌లో అంకెలు వేసే గళ్లు రెండుంటాయి. ఒకటి కరెంటు మీద నడిచేటప్పటికి, ఇంకొకటి బ్యాటరీ మీద నడిచేటప్పటికి. నేను ఒకటి వేసింది కరెంటు గడిలో. చదివేది కరెంటు లేనప్పుడు. ఈ సంగతి తెలియడానికి ఇంకో పద్దెనిమిది రోజులు పట్టింది.

రెండో గడిలో కూడా ఒకటి వేశాక, చేతులు ఒళ్లో పెట్టుకుని నిమిషం సేపు కదలకుండా కూర్చున్నాను. డిస్కు ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. నాకు కళ్లనీళ్లు తిరిగినంత పనైంది. సంతోషంగా రికార్డు నొక్కి, మొదటి వాక్యం చదివాను. గిర్రున లేచింది. నేను చదివేదంతా దాచుకోవాల్సింది ఆ డిస్కు మీదే కాబట్టి నేను నోరు విప్పిన ప్రతిసారీ అది లేవాలి. నేను మాట్లాడకుండా ఉంటే నిశ్శబ్దంగా ఉంటుందన్నమాట. మా ఆవిడకు ఈ ఇబ్బంది చెబితే ఆమె చాలాసేపు నవ్వింది. ఎందుకో నేను అడగలేదు.

కంప్యూటర్ల మాస్టారు మళ్లీ ఆదుకున్నారు. పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డింగు నేరుగా దాంట్లోకే పోయేట్టు చేశారు. ఇక డిస్కుకు పని లేదు. నిమిషానికి ఆగిపోయింది, ఆగి ఊరుకుంది. ఆ పూట నేను ఒక్క ముక్క కూడా చదవలేదు. అలా కూర్చుని ఆ నిశ్శబ్దం విన్నాను. అప్పటికి ఆగస్టు నెలాఖరు.

ఈ లోపల మా మేనకోడలు మూడుసార్లు అడిగింది. నేను మోతతోనే చదివి పెట్టుకున్న పాఠాలు అప్పటికి మూడు నా దగ్గరున్నాయి. ఎలా ఉన్నా పంపమంది. ఎప్పటి పాఠం అప్పుడు వింటే రాసుకోవడానికి వీలవుతుందంది. నేను పంపలేదు. ఆ మూడూ చెరిపేసి మళ్లీ మొదటినుంచి చదివాను. మొత్తం పద్నాలుగు పాఠాలూ ఏ మచ్చా లేకుండా పూర్తి చేసి, ముందు నాలుగు మాటలు చెప్పి, ఒకేసారి చేతికివ్వాలని నా కోరిక. ఆ ముందుమాట పుస్తకం కంటే ముందే రాసి పెట్టుకున్నాను. అందులో చదువు గురించి, వెలుగు గురించి చాలా ఉంది. పండగకు బట్టలు కుట్టినట్టు ఒకేసారి ఇస్తానని తనతో అన్నాను. సరే మావయ్యా అంది. తర్వాత అడగడం మానేసింది. అడగడం లేదంటే నా మీద నమ్మకం కుదిరిందని అర్థం చేసుకున్నాను.

అక్టోబరులో ఒక ఆదివారం వాళ్ల ఊరెళ్లాను. మొదటి తీత పత్తి ముందు గది నిండా పోసి ఉంది. రేటు వచ్చేదాకా అమ్మనని బావ ప్రతి ఏడూ చేసే ప్రతిజ్ఞ అది. పత్తికీ గోడకూ మధ్య మిగిలిన జాగాలో నులక మంచం వేసుకుని తను చదువుకుంటోంది. నా మొదటి పాఠమే వింటోంది. నేను వచ్చింది తెలియక ఫోనును అలాగే మోగనిచ్చింది. ఆ గొంతు నాదని గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. కుక్క తరుముతుంటే పరుగెత్తుతూ మాట్లాడే మనిషిలా ఉన్నాను. చూపులేని వాళ్లు ఇలా రెండు, రెండున్నర రెట్ల వేగంతోనే వింటారని, లేకపోతే అన్ని పుస్తకాలు ఎప్పటికవుతాయని తను మామూలుగా చెప్పింది. శిశువు దగ్గర మెత్తదనం, క్రమశిక్షణ దగ్గర గట్టిదనం, ఆగిన చోట్లు, అన్నీ ఆ పరుగులో కొట్టుకుపోయాయి. ఆ ఒక్క పాఠాన్నే ఎన్నిసార్లు విందో, పేజీలు పేజీలు అప్పజెప్పింది. నేనైతే అది చూసి మురిసిపోయాను. వేరే పాఠం లేక అదే వింటోందని ఆ క్షణాన తట్టనే లేదు.

ఇంటికొచ్చి మళ్లీ నెమ్మదిగానే, ఆగే చోటల్లా ఆగుతూ చదివాను. నలుగురూ వినే రోజు రాకపోదని.

డిస్కు పూర్తిగా దారికి రాలేదు. దానిని ఎవరో లోపలినుంచి పిలుస్తున్నట్టు, నాలుగైదు నిమిషాలకోసారి ఊరికే లేచి, గిర్రున తిరిగి, నిమిషం తర్వాత ఆగేది. వైరస్ చూసుకోవడానికట, కొత్త అప్‌డేట్ ఉందేమోనట. లేచిన ప్రతిసారీ నేను వాక్యం మధ్యలో ఆగి, అది పడుకునేదాకా కాచుకుని, ఆ వాక్యం మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. నలభై నిమిషాల పాఠానికి మూడు పూటలు పట్టేది. నిమిషం బదులు ఇంకా తక్కువ పెట్టే వీలుందా అని మాస్టారిని అడిగాను. ఆయన నా వంక అదోలా చూశారు.

నవంబరులో బావ చేలో నీళ్ల మోటారు కాలిపోయింది. దాన్ని సత్తెనపల్లిలో వైండింగ్ షాపులో ఇచ్చి, అది అయ్యేదాకా మా ఇంట్లో కూర్చున్నాడు. నేను ఆయన కూతురి కోసం ఎంత కష్టపడుతున్నానో చూపిద్దామని ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాను. బావ టీ తాగుతూ వింటున్నాడు. టీ అయిపోయేలోపు డిస్కు మూడుసార్లు ఆగి, మూడుసార్లు లేచింది. అదేంటని అడిగాడు. వాడనప్పుడు విశ్రాంతి ఇస్తున్నానని చెప్పాను.

బావ గ్లాసు కింద పెట్టాడు. చేనుకిచ్చే కరెంటు పోతూ వస్తూ ఉంటే ఆటో స్టార్టరు మోటారును లేపుతూనే ఉంటుందని, అందుకే తనది కాలిందని, ఇప్పుడా స్టార్టరు పీకి పారేశానని చెప్పాడు.

"మోటారు రోజంతా తిరిగినా ఏం గాదు బామ్మర్దీ. లేచేటప్పుడే బరువంతా దాని మీద పడేది. దాన్ని ఇట్టా ఊరికూరికే లేపబాక, కాలిపోద్ది."

నాకు నవ్వొచ్చింది. ఇది చేలో మోటారు కాదని, కంప్యూటరని, ఇందులో అన్నీ ఇంజనీర్లు ఆలోచించే పెట్టి ఉంటారని క్లాసులో చెప్పినట్టు చెప్పాను. బావ ఐదో తరగతి. నేను ఎమ్మే. ఆయన అంతా విని, "తిరుగుతా ఉంది గదా" అన్నాడు. అని లేచి మోటారు చూసుకోవడానికి వెళ్లిపోయాడు. ఆ మాటను నేను స్టాఫ్ రూములో రెండు మూడు రోజులు చెప్పుకుని అందరినీ నవ్వించాను.

డిసెంబరు నడిమికి పదకొండు పాఠాలయ్యాయి. పెన్‌డ్రైవ్ చిన్నది. పాఠం పూర్తవగానే దాన్ని ల్యాప్‌టాప్‌లోకి మార్చి, పెన్‌డ్రైవ్ ఖాళీ చేసుకునేవాణ్ణి. నాకు అన్నీ ఒకచోట పద్ధతిగా ఉండాలి. ఒకే చోట దాచిన గ్రంథాలు ఒకే మంటలో ఎలా పోయాయో ప్రతి సంవత్సరం పిల్లలకు పాఠం చెప్పేది నేనే. ఆ పాఠం చెప్పేటప్పుడు నా గొంతు బాగా వణుకుతుంది.

ఒక సోమవారం పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే డిస్కు లేవబోయి, టక్కుమని ఆగింది. మళ్లీ లేవబోయింది, మళ్లీ టక్కుమంది. పదిసార్లు అలా టక్కుటక్కుమని ఊరుకుంది. నల్లటి తెర మీద ఇంగ్లీషులో తెల్లగా ఒక్క వాక్యం వచ్చింది. ఇంట్లో ఏ శబ్దమూ లేదు. అయిదు నెలలుగా ఆగమని బతిమాలుకున్నాను, ఆగింది.

గుంటూరు తీసుకెళ్లాను. రిపేరు షాపతను డిస్కును బయటికి తీసి, పుచ్చకాయను తట్టి చూసినట్టు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. చదివే ముల్లు దెబ్బతిన్నదన్నాడు. దీన్ని బాగా ఆపి లేపుతూ ఉండేవాళ్లా సార్ అని అడిగాడు. ఎందుకని అడిగాను. తిరగడం కంటే లేవడమే దీనికి దెబ్బ అన్నాడు. బావ మాట గుర్తొచ్చింది. లోపల ఉన్నవాటికి ఇంకో కాపీ ఉందా అని అడిగాడు. నేను అతని చేతిలోని డిస్కునే చూస్తున్నాను. అలాంటి ముఖాలు అతను రోజూ చూస్తున్నట్టుంది, ఇంకేమీ అడగకుండా హైదరాబాదులో ఒక చోటికి పంపించాడు. అక్కడి వాళ్లు మూడు వారాలు ఉంచుకుని, చేయగలిగిందేమీ లేదని తిప్పి పంపారు.

అప్పటికి పరీక్ష ఇంకో నలభై రోజులుంది.

ఈ విషయాన్ని నేను చాలామందికి చెప్పాను. బాగా చెప్పాను కూడా. పదకొండు పాఠాలు, అయిదు నెలల శ్రమ, ఒక్క టక్కుతో పోయిన వైనం వింటుంటే స్టాఫ్ రూములో అందరి కళ్లూ చెమర్చాయి. వస్తువు పాడైతే మీరేం చేస్తారండీ అని మా ఆవిడ అంది. మీలాంటి మేనమామ ఎవరికుంటాడు అని ప్రిన్సిపాల్ భుజం తట్టారు. చెప్పిన కొద్దీ నాకు బాధ తగ్గుతూ వచ్చింది. చివరికి అది పూర్తిగా డిస్కు తప్పే అయింది. బావకు ఫోన్లో చెప్పినప్పుడు మాత్రం ఆయన ఊఁ అన్నాడంతే. మోటారు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది, కనీసం పోట్లాడేవాణ్ణి.

రోజూ కాలేజీ కాగానే బస్సెక్కి వాళ్ల ఊరెళ్లడం మొదలుపెట్టాను. మొదటి రోజు పుస్తకం తెరిచి ఎదురుగా కూర్చోగానే, మేనకోడలు తన ఫోను తీసి మంచం మీద పెట్టి రికార్డు నొక్కింది. అంతే. అంతకంటే ఏమీ చేయలేదు. చదువు మావయ్యా అంది.

అది మిరప కోతల కాలం. బయట కూలీల మాటలు, ట్రాక్టరు, కళ్లంలో కాయలు ఎండబోస్తున్న చప్పుడు. ఘాటుకు పేజీకి నాలుగుసార్లు దగ్గాను. ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి చదవబోతుంటే, వద్దు, ముందుకు పొమ్మంది. ఆగే చోట్ల ఆగవద్దంది. దగ్గులతో, ట్రాక్టరుతో, మధ్యలో మా అక్క కాఫీ తెచ్చిన గ్లాసుల చప్పుడుతో ఆ పాఠాలు తనకు చాలా బాగా సరిపోయాయి. మధ్యలో ఆపి ప్రశ్నలడిగేది. ఇంతకుముందు పాఠంలో దీని గురించి ఏముందని. ఆ పాఠాన్ని నేను మూడుసార్లు చదివి రికార్డు చేశాను. ఏ మాట దగ్గర గొంతు దించానో చెప్పగలను గానీ, అందులో ఏముందో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి పేజీలు వెనక్కి తిప్పేవాణ్ణి.

కాలేజీలో పరీక్షల డ్యూటీ పడి కొన్ని రోజులు వెళ్లలేకపోయాను. బస్సు దొరకక కొన్ని రోజులు. వెళ్లిన రోజుల్లో కూడా ఒక్కో పాఠానికి రెండు మూడు సాయంత్రాలు పట్టేది. పన్నెండో పాఠం సగంలో ఉండగా పరీక్ష వచ్చేసింది.

గుంటూరులో సెంటరు. ప్రశ్నలు చదివి జవాబులు గుర్తుపెట్టడానికి ఇచ్చిన సహాయకురాలి చేయి పట్టుకుని లోపలికి వెళ్లింది. బయటికొచ్చాక, మొదటి పదకొండు పాఠాల్లోవి అన్నీ చేశానని, మిగిలినవాటిల్లోంచి చాలా వచ్చాయని, అవి ఊహించి పెట్టానని చెప్పింది. ఆ మిగిలిన పాఠాలు ఎవరి దగ్గర ఆలస్యమయ్యాయో తనూ అనలేదు, నేనూ అనలేదు. దారంతా టమాటా రేటు గురించి మాట్లాడుకున్నాం.

ఫలితాలొచ్చాయి. రెండు మార్కుల్లో పోయింది.

మర్నాడు వెళ్లాను. బావ కళ్లంలో ఉన్నాడు, నన్ను చూసి తలుపు వైపు చెయ్యి చూపించి మళ్లీ కాయల్లోకి వంగాడు. మా అక్క పొయ్యి దగ్గర ముఖం తిప్పుకుని కూర్చుంది. ముందు గదిలో పత్తి అమ్ముడుపోయింది, గది పెద్దదైపోయింది. మా మేనకోడలు చాప మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. దారిపొడుగునా నేను అనుకుంటూ వచ్చిన మాటలు ఉన్నాయి. గొంతు సవరించుకున్నాను.

ఆ డిస్కు అలా పోకుండా ఉంటే ఈ పాటికి నువ్వు టీచరువి అయ్యేదానివని అన్నాను. బాగానే పలికాను. చివర్లో కొంచెం వణికించాను కూడా.

తను తొడిమ తీసి కాయను బుట్టలో వేసింది.

"డిస్కు డిసెంబర్లో పోయింది గదా మావయ్యా. పాఠాలు ఆగస్టు నుంచి నీ దగ్గరే ఉన్నాయి. ఎందుకు పంపలేదు?"

కోపంగా అడగలేదు. కోపంగా అడిగితే నా దగ్గర జవాబుంది. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. మోత వల్లనని మొదలుపెట్టాను. ఆ మాట నాకే ముందుకు నడవలేదు. పెన్‌డ్రైవ్ అన్నాను. అక్కడా ఆగిపోయాను. తను తొడిమలు తీయడం ఆపి కాచుకుని ఉంది.

"మెచ్చుకుంటావని" అన్నాను. "అన్నీ ఒకేసారి వింటే బాగా మెచ్చుకుంటావని."

ఆ మాట వచ్చిన గొంతు నేను ఎప్పుడూ విననిది. సన్నగా, అరిగిపోయి ఉంది. ఏ మైకు ముందూ దాన్ని ఎవరూ పెట్టరు.

తను ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది. తర్వాత నిదానంగా, నేను చిన్నబుచ్చుకోకూడదన్నట్టు చెప్పింది.

"ఎప్పటివప్పుడు పంపించి ఉంటే నా క్లాసులో పిల్లలందరికీ చెప్పేదాన్ని మావయ్యా. మా మావయ్య చదివి పంపితేనే నాకీ ఉద్యోగం వచ్చిందని, ఏటా కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా చెప్పేదాన్ని."

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. తనకు తెలియకూడదని నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాను, ఊపిరి బిగబట్టాను. ఆ పిల్లకు వినపడకుండా ఏడవడం ఎవరి వల్లా కాదు.